గోరింక వచ్చేసిందట

పై బొబ్బిలి గాలిరేవు, రేడియో మరియు దారి విభాగం, మరమ్మతు పుస్తకం. రాస్తున్నది పారమ్మ, సీనియర్ మెకానిక్. ఇందులో రాసింది కొట్టెయ్యకూడదు. పేజీలు చింపకూడదు. చింపి వాటి మీద అప్పడాలు ఆరబెట్టకూడదు. మూడో నియమం నేను కలిపింది. ఎందుకు కలిపానో నా తోటి మెకానిక్ అసిరయ్యకు తెలుసు.

నమోదు 1. వెలుతురు మొదటి రోజు

పొద్దున్నే గోరింక నెత్తి మీదికెక్కి మూడు యాంటెన్నాలూ వంటసోడా నీళ్ళతో తుడిచాను. ఈ శుక్రగ్రహం మబ్బుల్లో పులుపు, అంటే ఆమ్లం, ఎక్కువ. రెండు ట్రిప్పులు తుడవకుండా వదిలేస్తే రాగి తీగ పచ్చబడిపోయి, రేడియోలో మనిషి గొంతుకు బదులు పకోడీలు వేగుతున్న చప్పుడు వస్తుంది. సోడా డబ్బా మళ్ళీ సగమైంది. క్యాంటీన్ వాళ్ళు బజ్జీల్లోకి పట్టుకుపోతున్నారు. ఇది అనుమానం కాదు, నేను తిన్న బజ్జీల్లో తెలుస్తూనే ఉంది.

గోరింక మన ఊరికీ పై సాలూరుకీ మధ్య తిరిగే గాలిఓడ. నడిపేది తవిటినాయుడు, నా మొగుడు. రెండు ఊళ్ళూ మబ్బుల్లో తేలుతూ గాలి ఎటు కొడితే అటు పోతుంటాయి కాబట్టి, నిన్న ఆరు గంటలు పట్టిన దారి ఇవాళ నాలుగు గంటలే పట్టవచ్చు, రేపు తొమ్మిది పట్టవచ్చు. కిటికీలోంచి చూస్తే తెల్లగా తప్ప ఏమీ కనబడదు. ఓడ ఎక్కడుందో దానిలోని దారిపెట్టెకు ఒక్కదానికే తెలుసు. గాలిని, ఒత్తిడిని, రేడియోను చూసుకుని లెక్క కట్టుకుంటుంది, లెక్క కట్టి నోటితో చెబుతుంది. ఇదివరకు అంకెలు చూపించే అద్దాలుండేవి. పులుపుకు నెలకొకటి మాడిపోతున్నాయని రవాణా బోర్డు వాళ్ళు వాటిని పీకించి మాట్లాడే పెట్టెలు పంపారు.

గోరింకకు కొత్త పెట్టె బిగించి ఇవాళ్టికి నాలుగో ట్రిప్పు. సాయంత్రం రేడియోలో పెట్టె గొంతు వినిపించింది. "వచ్చీసేం. గేటు కాడున్నాం."

రేవు తలుపు తెరిచాం. గోరింక లేదు. మబ్బు మాత్రం లోపలికి వచ్చింది. తలుపు మూసేలోపల మా సూపర్నెంటు కూర్మారావు గారి పంచెకు పదకొండు చిల్లులు పడ్డాయి. గోరింక యాభై నిమిషాల తర్వాత వచ్చింది.

చిన్న లోపం అని రాసి సంతకం పెట్టాను.

నమోదు 2. వెలుతురు రెండో రోజు

గోరింక మళ్ళీ వచ్చేసిందట. తలుపు తెరిచాం. లేదు. ఈసారి గంటా పది నిమిషాలు.

పై సాలూరు నుంచి కొత్త లెక్కల టీచరు వస్తోందని కూర్మారావు గారు కాగితప్పూల దండ పట్టుకుని రేవులో నిలబడ్డారు. మబ్బు తగిలి దండ దారం ఒక్కటే మిగిలింది. టీచరు దిగాక ఆయన ఆ దారాన్నే మర్యాదగా ఆమె మెడలో వేశారు. ఆమె మర్యాదగా నమస్కారం పెట్టింది. ఇద్దరూ మంచివాళ్ళు కాబట్టి సరిపోయింది.

తవిటినాయుడు దిగుతూనే నా మీద పడ్డాడు.

"ఏటే పారీ, నీ పెట్టె? 'ఆ మలుపు తిరిగితే మన ఊరే' అంతాది. మబ్బుల్లో మలుపేటే?"

"నా పెట్టె కాదు, బోర్డు వాల్ల పెట్టె. బిగించింది నాను."

"బిగించినోల్లదే తప్పు."

ఇంట్లో ఈ మాట అని ఉంటే సంగతి వేరేగా ఉండేది. రేవులో నలుగురూ ఉన్నారని ఊరుకున్నాను.

నమోదు 3. చీకటి మొదటి రోజు

ఇక్కడ రెండు రోజులు వెలుతురు, రెండు రోజులు చీకటి. చీకట్లో ఓడలు తిరగవు. పెట్టెను విప్పి బల్ల మీద పెట్టి, ప్రతి తీగనూ, ప్రతి గొట్టాన్నీ, ప్రతి మరనూ చూశాను. యాంటెన్నా తీగ చివర్లు గీకి మళ్ళీ బిగించాను. ఒత్తిడి కొలిచే డబ్బీలోకి ఊది చూశాను. అన్నీ బాగున్నాయి. బల్లకు కట్టిన కేబులు గుచ్చి పెట్టె లోపలి లెక్కలన్నీ కాగితం మీద దింపాను. ఈ కేబులు ఓడ రేవులో ఉన్నప్పుడే పనిచేస్తుంది, గాలిలో ఉన్నప్పుడు పెట్టె నోరు తప్ప మనకు మరో దారి లేదు.

కాగితం చూసి నాకు మతి పోయింది. లోపలి లెక్క ఒక్క గజం కూడా తప్పలేదు. ఊరు యాభై నిమిషాల దూరంలో ఉందని పెట్టెకు చక్కగా తెలుసు. తెలిసి తెలిసీ "గేటు కాడున్నాం" అని చెప్పింది.

ఇన్నేళ్ళ పనిలో కాలిపోయిన పెట్టెను చూశాను, తడిసిన పెట్టెను చూశాను, ఎలుక పిల్లల్ని పెట్టిన పెట్టెను కూడా చూశాను. అబద్ధమాడే పెట్టెను చూడలేదు.

నమోదు 4. చీకటి రెండో రోజు

కారణం దొరికింది. బల్లకు అవతలి పక్కన కూర్చుని టీ తాగుతోంది.

అసిరయ్య నాతోపాటు పనిలో చేరిన మెకానిక్. చేతిపనికి వంక పెట్టడానికి లేదు, తీగ అతికిస్తే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇవాళ అతని ఫోను మోగింది. స్టోరు వాళ్ళు. "వచ్చీసేను బావూ, మీ మెట్ల కాడున్నాను" అని పెట్టేసి, మళ్ళీ టీ గ్లాసు అందుకున్నాడు. స్టోరు ఊరికి అటు చివర ఉంది. అతను చెప్పులు కూడా వేసుకోలేదు.

నేను లేచి కొత్త పెట్టెతో వచ్చిన సూచనల పుస్తకం తీశాను. అందులో ఇలా ఉంది: పెట్టె పని మొదలుపెట్టే ముందు ముప్పై రోజులు ఒక మెకానిక్ నడుముకు కట్టి ఉంచాలి. అతను నిజంగా ఎక్కడున్నాడో అతని బ్యాడ్జీ పెట్టెకు చెబుతుంది. ఎక్కడున్నావని ఎవరైనా ఫోనులో అడిగితే అతను ఏమంటాడో పెట్టె వింటుంది. రెంటినీ పోల్చుకుని, ఉన్న చోటును ఆ ప్రాంతపు మాటల్లో చెప్పడం నేర్చుకుంటుంది.

ఈ పెట్టెను చేసినవాళ్ళు ఎవరో, ఏ ఊరివాళ్ళో తెలియదు. వాళ్ళ ఊళ్ళో ఫోనులో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతారు కాబోలు.

గోరింక పెట్టెను ముప్పై రోజులు నడుముకు కట్టుకుని తిరిగింది అసిరయ్య. పెట్టె తప్పేమీ లేదు. మంచం మీద పడుకుని ఉంటే "దార్లో ఉన్నా" అనాలి, దారిలో ఉంటే "గేటు కాడున్నా" అనాలి, గేటు దగ్గరుంటే "లోపలే ఉన్నా, నువ్వే కనపడ్డం నేదు" అనాలి. ఎంతో శ్రద్ధగా నేర్చుకుంది.

"ముప్పై రోజుల్లో ఒక్కసారైనా నిజం సెప్పేవా?" అని అడిగాను.

అసిరయ్య నిజంగానే నొచ్చుకున్నాడు.

"అబద్దమేటి వొదినా అందులో? అవతల మనిషి ఎదురు సూత్తంటాది. ఇంకా మంచం మీంచి నెగనేదు అని సెప్తే ఆ మనసెంత కట్టపడతాదీ? వచ్చీసేనంటే సల్లగా ఉంటాది. ఎలాగూ వత్తాను గదా."

అతని టీ గ్లాసు లాక్కున్నాను.

నమోదు 5. వెలుతురు మొదటి రోజు

కూర్మారావు గారికి అంతా చెప్పాను. ఆయన చిల్లుల పంచె సర్దుకుని చాలాసేపు ఆలోచించారు.

"గోరింకను ఆపడం కుదరదమ్మా. బియ్యం, మందులు, టీచర్లు అన్నీ దాంట్లోనే రావాలి. మన దగ్గర ఇంకో పెట్టె ఉందిగా, ఖాళీది?"

ఉంది. దాన్ని ముప్పై రోజులు ఒక మనిషికి కట్టాలి. సూచనల పుస్తకం ప్రకారం మధ్యలో మెకానిక్ ఒక్క తప్పు మాట చెప్పినా మొదటి రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అసిరయ్య ఆ పేజీ తెరవనేలేదు.

"నిజం మాత్రమే చెప్పే మెకానిక్ ఎవరున్నారు మనకి?" అన్నారాయన.

నేనున్నాను. ఆ మాట నేనే అన్నాను, నా నోటితోనే అన్నాను. పెట్టె నడుముకు కట్టించుకున్నాను. బరువు కిలోన్నర ఉంటుంది.

అంతవరకూ గోరింకతో ఎలాగో నెట్టుకురావడానికి రేడియో గదిలో గోడ మీద ఒక పట్టిక అంటించాను. వచ్చీసేం అంటే గంట. గేటు కాడున్నాం అంటే యాభై నిమిషాలు. ఒక్క నిమిషం అంటే నలభై. బయల్దేరిపోయేం అంటే ఇంకా అక్కడే ఉన్నారు.

నమోదు 9. శిక్షణ ఎనిమిదో రోజు

నిజం చెప్పడం తేలికేనని అనుకున్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మూడో రోజు మా మేనత్త ఇంట్లో పేరంటం. బయల్దేరావా అమ్మా అని ఫోను చేసింది. "నేదత్తా, మంచం మీదున్నాను. బయల్దేరాలని కూడా నేదు" అన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు. ఆరో రోజు కూర్మారావు గారు ఫోను చేసి ఎక్కడున్నావమ్మా అన్నారు. "మీ గది బయట మెట్ల మీదండి, మీరెప్పుడు బయటికెల్తారా అని సూత్తన్నాను" అన్నాను. ఆయన తలుపు తీసి చూశారు. నేనున్నాను.

తవిటినాయుడికి మాత్రం మహా సరదాగా ఉంది. పై సాలూరు నుంచి రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి "ఎక్కడున్నావే, ఏటి సేత్తన్నావు?" అని అడుగుతాడు. నేను చెప్పి తీరాలి. "నువ్వు దాసుకున్న జంతికల డబ్బా ముందర కూకున్నాను" అని చెప్పాల్సి వచ్చింది. డబ్బా ఇప్పుడు ఎక్కడ పెట్టాడో తెలియడం లేదు.

పట్టిక కూడా పనిచేయడం లేదు. అసిరయ్య గంట దూరానికి అన్న మాటే అరగంటకూ అంటాడు, గంటన్నరకూ అంటాడు. మనసును బట్టి మారుతుంది. పెట్టె ఆ సంగతి కూడా పట్టేసింది.

నమోదు 14. శిక్షణ పద్దెనిమిదో రోజు, వెలుతురు రెండో రోజు

ఇవాళ్టిది పొడుగ్గా రాస్తున్నాను.

పదకొండున్నరకు కాస్త ముందు తవిటినాయుడు రేడియోలోకి వచ్చాడు. ఎదురుగాలి పొద్దుటి నుంచీ పిచ్చిగా కొడుతోంది, గోరింక ఎంత దూరం వచ్చిందో ఎవరమూ ఊహించలేం.

"పారీ, బ్యాటరీ అయిపోతంది. గంటకి మించి రాదు. జనం ముప్పై ఎనిమిది మంది. పెట్టె మట్టుకు వచ్చీసేం అంతంది."

గొంతులో కంగారు లేదు. వెనకాల సన్నాయి వినిపించింది. పెళ్ళికి వస్తున్న మేళం వాళ్ళట, పిల్లలు ఏడుస్తున్నారని వాయిస్తున్నారు. బ్యాటరీ అయిపోతే గోరింక కిందికి దిగుతుంది. కింద నేల ఉంది గానీ అక్కడి వేడికి సీసం కూడా కరిగిపోతుంది. అక్కడిదాకా వెళ్ళిన ఓడ ఏదీ తిరిగి రాలేదు.

రేవులో తాడు పడవ ఒకటుంది. దాని పని ఆగిపోయిన ఓడకు ఎదురెళ్ళి తాడు కట్టి లాక్కురావడం. దాని వేగం గోరింక వేగానికి రెండింతలు. కానీ దాని బ్యాటరీ ఇరవై నిమిషాలు వెళ్ళడానికి, తిరిగి లాక్కురావడానికి సరిపోతుంది, అంతే. ఇరవై నిమిషాల్లో గోరింక కనబడకపోతే ఖాళీగా తిరిగి రావాలి, మళ్ళీ ఛార్జీ ఎక్కడానికి నాలుగు గంటలు. అంటే ఒక్కసారే పంపగలం. తొందరపడి పంపినా పోయింది, ఆలస్యంగా పంపినా పోయింది.

ఏ దిక్కున ఉన్నారో తెలుస్తోంది. తీగ చుట్ట యాంటెన్నాను తిప్పి, తవిటినాయుడి గొంతు ఎటు గట్టిగా వినబడుతోందో పట్టుకున్నాను. ఎంత దూరమన్నదే తెలియడం లేదు.

పెట్టెను పిలిచాను. "గోరింకా, ఎక్కడున్నావు?"

"వచ్చీసేను. గేటు కాడున్నాను."

"సరిగ్గా సెప్పు."

"ఒట్టు. ఇదిగో, మీ తలుపు కనపడతంది."

కూర్మారావు గారు నుదురు తుడుచుకున్నారు. "గేటు దగ్గరున్నామంటే యాభై నిమిషాలని మన పట్టిక. ఇప్పుడే పంపేద్దామమ్మా."

"పట్టిక తప్పండి. ముప్పావు గంటా అవొచ్చు, రెండు గంటలూ అవొచ్చు" అన్నాను. నాకు భయం వేసింది. ఇది మరమ్మతు పుస్తకం, పాడైనదేదో రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ పూట పాడైంది నా ధైర్యం.

అసిరయ్య ముందుకొచ్చి మైకు తీసుకున్నాడు.

"ఒరే, నానురా. ఇది సరదా కాదు. నిజం సెప్పు."

"నిజమే సెప్తన్నాను. మలుపు తిరిగేను" అంది పెట్టె, అతని మాటలతోనే, అతని తీరులోనే.

అసిరయ్య మైకు కింద పెట్టేశాడు. "నా పాపమే ఇది వొదినా" అని గోడకు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు తలుపు తీసుకుని గున్నమ్మ వచ్చింది. గున్నమ్మ అసిరయ్య పెళ్ళాం. మొగుడు భోజనానికి రాలేదని వెతుక్కుంటూ వచ్చింది, చేతిలో గరిటె అలాగే ఉంది. మా మొహాలు చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. స్పీకరులోంచి పెట్టె మళ్ళీ "ఒక్క నిమిషంలో వచ్చెత్తన్నాను" అంది.

గున్నమ్మ స్పీకరు వైపు వింతగా చూసింది.

"ఓలమ్మా! ఇది అచ్చు మా ఆయనే గదా. ఎక్కడున్నావు అని అడిగితే ఆయన ఏనాడు నిజం సెప్పేడు? అలగ అడక్కూడదప్పా."

"మరెలగ అడగాలి?"

"ఇలగ ఇయ్యి" అని మైకు తీసుకుంది. ఎక్కడ నొక్కాలో చూపించాను. గరిటె నడుములో దోపుకుని, గొంతు సవరించుకుని అడిగింది.

"ఏటి, అన్నం ఒడ్డించీమంటావా?"

స్పీకరులో చప్పుడు ఆగిపోయింది. సన్నాయి మాత్రం దూరంగా వినిపిస్తోంది. పెట్టె ఏదో ఆలోచిస్తున్నట్టు రెండుసార్లు టిక్కు టిక్కుమంది.

"ఇప్పుడొద్దు" అంది పెట్టె.

"సల్లారిపోతే మల్లీ నన్నంటావు. ఎంతసేపటికి ఒడ్డించమంటావు, సరిగ్గా సెప్పు."

"గంటంబావు పడతాది. సారు గిన్నె మీద మూతెట్టీ."

కూర్మారావు గారు నా వైపు చూశారు. "ఇది నిజమేనంటావా?"

నాకు అర్థమైంది. ఆ ముప్పై రోజులూ మధ్యాహ్నం పూట గున్నమ్మ ఫోను చేసే ఉంటుంది, ఇదే మాట అడిగే ఉంటుంది. చల్లారిన అన్నం తినడం అసిరయ్యకు చావుతో సమానం. స్టోరుకు అబద్ధం చెబుతాడు, నాకు చెబుతాడు, బోర్డు వాళ్ళకు చెబుతాడు, అన్నం దగ్గర మాత్రం చెప్పడు. అక్కడొక్కచోటే అతని మాటా బ్యాడ్జీ లెక్కా ముప్పై రోజులూ ఒక్కలా సరిపోయి ఉంటాయి. పెట్టె దాన్నీ నేర్చుకుంది.

గోడ దగ్గర నుంచి అసిరయ్య అన్నాడు. "అదైతే నిజమే వొదినా. అన్నం కాడ నాను తప్పు సెప్పను."

గంటంబావు అంటే డెబ్బై ఐదు నిమిషాలు. ఇప్పుడే పంపితే తాడు పడవ ఇరవై నిమిషాలు వెళ్ళి, గోరింకను అందుకోలేక వెనక్కి వచ్చేస్తుంది. ముప్పై ఐదు నిమిషాలు ఆగి పంపితే, మధ్యలో ఎదురుపడతాయి, అప్పటికి గోరింకలో పదినిమిషాల బ్యాటరీ మిగిలి ఉంటుంది. పెట్టె మాట నిజమైతేనే ఇదంతా. కాకపోతే నా మొగుడినీ, ముప్పై ఎనిమిది మందినీ నా చేతులతో నేనే పోగొట్టుకున్నట్టు.

"ఆగుదామండి" అన్నాను.

"పారమ్మా, ఆలోచించుకో."

"ఆలోచించేనండి. ఆగుదాం."

ఆ ముప్పై ఐదు నిమిషాలు ఎలా గడిచాయో రాయడం నా వల్ల కాదు. తవిటినాయుడు రెండుసార్లు పిలిచాడు. పడవ బయల్దేరిందా అని అడిగాడు. "ఇంకా నేదు, ముప్పై ఐదు నిమిషాలు ఆగి పంపుతాం. గంటంబావు దూరంలో ఉన్నారు మీరు" అన్నాను.

"ఎవులు సెప్పేరు గంటంబావని?"

"పెట్టే సెప్పింది. గున్నమ్మ అడిగితే."

"ఏటని అడిగింది?"

"అన్నం ఒడ్డించీమంటావా అని."

తవిటినాయుడు నవ్వలేదు. "అలగైతే నిజమే గావాల" అన్నాడు నెమ్మదిగా. "సరే, ఆగు. మేలం వోల్లని ఇంకోటి వాయించమంతాను."

పన్నెండూ ఐదుకు తాడు పడవ వెళ్ళింది. గున్నమ్మ నా పక్కనే నేల మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చేతికి చారు వాసన. కూర్మారావు గారు పట్టిక ముందు నిలబడి దాన్నే చదువుతున్నారు, అందులో కొత్తగా ఏదైనా కనబడుతుందేమోనన్నట్టు. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. పన్నెండు. తెలుపు తప్ప ఏమీ లేదని పడవవాళ్ళు చెప్పారు.

పద్నాలుగో నిమిషంలో పడవవాళ్ళు అరిచారు. "సన్నాయి! సన్నాయి ఇనపడతంది! ఇదిగో గోరింక!"

తాడు కట్టారు. గోరింక బ్యాటరీలో తొమ్మిది నిమిషాలు మిగిలింది.

కూర్మారావు గారు చిల్లుల పంచెతోనే కళ్ళు తుడుచుకున్నారు. అసిరయ్య గున్నమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. "ఏటి, కూడు తినవా?" అందామె, అతను తల ఊపాడు. నేను రేడియో బల్ల కిందికి దూరి కూర్చుని, పొద్దుటి నుంచీ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాను. అంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు.

ఇరవై ఐదు నిమిషాల తర్వాత గోరింక రేవులోకి వచ్చింది. ఈసారి తలుపు తెరిస్తే మబ్బుతోపాటు ఓడ కూడా ఉంది. కాసేపటికి నా ఫోను మోగింది. తవిటినాయుడు.

"దిగేను. ఎక్కడున్నావే?"

ముక్కు ఎగబీల్చాను. గొంతు సరిచేసుకున్నాను. ఏడ్చి ఏడ్చి గొంతు వాచిపోయి బల్ల కింద కూర్చున్నానని అతనికి ఎలా చెప్పను? పొద్దున్నుంచీ గాలిలో వేలాడి వచ్చిన మనిషి.

"ఇంట్లో ఉన్నాను" అన్నాను. "నాకేటి భయం? పప్పు తాలింపేత్తన్నాను. నెమ్మదిగా రా."

నడుముకున్న పెట్టె టిక్కుమంది. విన్నది. బ్యాడ్జీ రేడియో గది అంటోంది, నోరు ఇల్లు అంటోంది. పద్దెనిమిది రోజుల పని అంతా వృథా. నియమం ప్రకారం శిక్షణ మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఈ పుస్తకంలో ఏదీ కొట్టెయ్యకూడదు కాబట్టి అదీ రాస్తున్నాను.

ఫోను పెట్టి రెండు నిమిషాలు కాలేదు, రేడియో గది తలుపు తెరుచుకుంది. తవిటినాయుడు వంగి బల్ల కిందికి చూశాడు. టోపీ చేతిలో ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంట్లో ఉన్నానని సెప్పేను గదా" అన్నాను. "ఇక్కడికెందుకొచ్చేవు?"

అతను కూడా బల్ల కిందికి దూరి నా పక్కన కూర్చున్నాడు.

"ఇంట్లో ఉన్నానన్నావు గదా" అన్నాడు. "అందుకే తిన్నగా ఇక్కడికే వచ్చీసేను."